బోరు నీళ్ళేనని చెప్పాలి

మా ఊరిని రెండు చేస్తారన్న కాగితం ఏప్రిల్ చివరి వారంలో వచ్చింది. అది మొదలు ముప్పై రోజులు నా షాపులో ప్రింటరు చల్లారింది లేదు, నా గుండె దడ తగ్గిందీ లేదు. ప్రింటరుకు కారణం ఊరు. దడకు కారణం మా మామ.

కోనమంగళం మున్సిపల్ ఆఫీసు గేటుకు ఎదురుగా నాది జిరాక్సు, టైపింగు షాపు. రైలు పట్టాలకు తూర్పున ఉన్న తొమ్మిది వార్డులను కోనమంగళం నుంచి తప్పించి స్టేషన్‌పేట అని కొత్త మున్సిపాలిటీ చేయాలని ప్రభుత్వం అనుకుంది. అనుకున్న వెంటనే చేసెయ్యడానికి చట్టం ఒప్పుకోదట. ముందు ముసాయిదా గెజిట్‌లో వేయాలి. హద్దులు చెప్పాలి. ముప్పై రోజులు జనం దగ్గర అభ్యంతరాలు తీసుకుని, విచారణ చేసి, ఆ తర్వాతే చివరి గెజిట్. మా ఊళ్ళో జనాన్ని అభ్యంతరం చెప్పమని అడగడమంటే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే. పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తేసరికి బెంచీ నిండిపోయేది.

ఒక లాడ్జీ ఆయనకు వాకిలి కొత్త ఊళ్ళో పడింది, సెప్టిక్ ట్యాంకు పాత ఊళ్ళో పడింది. ఇంకొకాయన కొత్త మున్సిపాలిటీకి వాళ్ళ తాత పేరు పెట్టకపోతే హైకోర్టుకు పోతానని రాయించాడు. పట్టాలకు ఆ పక్కొకటి ఈ పక్కొకటి రెండు సంసారాలున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఏమీ రాయించకుండా మ్యాపు మాత్రం చాలాసేపు చూసి పోయాడు. అందరివీ నేనే టైపు చేశాను. టైపు చేశాక సంతకానికి ముందు పైకి చదివి వినిపిస్తాను. అందుకే పక్క షాపులో రేటు తక్కువైనా ముసలీముతకా నా దగ్గరికే వస్తారు.

ఆరో రోజో ఏడో రోజో రిటైరైన హెడ్మాస్టరు గోవిందయ్య సారు ముసాయిదా మొత్తం, అనుబంధాలతో సహా, నాలుగు కాపీలు తీయమని ఇచ్చాడు. మూడో అనుబంధం నీటి సరఫరాది. గ్లాసు మీద కాగితం పెడుతూ మా కాలనీ పేరు కనబడితే చదివాను.

“బేతేలు కాలనీ, 140 ఇళ్ళు. నీటి వనరు: స్వంత బోరు, పనిచేయుచున్నది. పడమటి ట్యాంకు నుండి లైను: లేదు.”

కిందే ఇంకో వాక్యం. “పై జాబితాలో చూపబడక, హద్దు దాటుచున్న లైన్లు ఏవైనా ఉన్నచో కొత్త మున్సిపాలిటీ ఏర్పడిన నాటి నుండి మూసివేయబడును.”

సారు ఏదో అడుగుతున్నాడు. నాకు వినబడలేదు. రెండు కాపీలు తలకిందులుగా వచ్చాయి.

మా కాలనీకి బోరు లేదు. ఉండేది. పందొమ్మిదేళ్ళ కింద ఎండిపోయింది. కాగితాల్లో మాత్రం ఇంకా బతికే ఉంది. ఆ ఎండాకాలం ఆడవాళ్ళు బిందెలతో పట్టాలు దాటి పడమటి పక్క కొళాయిలకు పోయేవాళ్ళు. అట్లా పోయి వస్తూ వరదమ్మ గూడ్సు బండి కింద కుడికాలు పోగొట్టుకుంది. అర్జీలు పెట్టారు. పట్టాల కింద పైపు వేయాలంటే రైల్వే పర్మిషను కావాలన్నారు. అది వచ్చేలోపల ఇంకో కాలు పోతుందని మా మామ జయరావుకు తోచింది. ఆయన మున్సిపాలిటీలో నీళ్ళ ఫిట్టరు. మార్కెట్టు లైను మార్చినప్పుడు పీకి పక్కన పడేసిన పాత పైపులు తెచ్చి, కాలనీ మగవాళ్ళను కూడగట్టుకుని, వాన నీళ్ళు పోయే తూములోంచి పట్టాల కింద లైను లాగి పడమటి ట్యాంకు మెయినుకు కలిపేశాడు. వాల్వు మీద బండ కప్పి మన్ను పోశాడు. అప్పటి ఇంజినీరుకు తెలుసు. ఆయన “నేను చూడలేదు” అని బదిలీ మీద పోయాడు. ఆ తర్వాత వచ్చిన వాళ్ళు నిజంగానే చూడలేదు.

నేను కోడలిగా వచ్చిన మూడో రోజు మా అత్త తిరుమలమ్మ కొళాయి దగ్గర నిలబెట్టి చెప్పిన మొదటి మాట ఇదే. “మే అమలా, ఈ నీళ్ళు యాటివని ఎవురడిగినా బోరు నీళ్ళని సెప్పాల. అమ్మగారింట్లో గూడా అంతే.” కాలనీలో మాటలు నేర్చుకునే పిల్లకు కూడా ఆ మాట వచ్చు. నూట నలభై ఇళ్ళ వాళ్ళకూ తెలిసిన సంగతి ఆ ఇంజినీరు తప్ప ఆఫీసు పెద్దలెవరికీ తెలియకుండా పందొమ్మిదేళ్ళు దాచారంటే మామూలు కట్టుబాటు కాదు.

ఆ కట్టుబాటే మా కొంప ముంచింది. జనవరిలో సర్వేకు పిల్లలు ట్యాబులు, ఫారాలు పట్టుకుని వచ్చారు. మీకు నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయమ్మా అని ఇంటింటా అడిగారు. నూట నలభై ఇళ్ళ వాళ్ళూ బోరు నీళ్ళనే చెప్పి సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను.

*

అనుబంధంలో చదివింది ఇంట్లో చెప్పాను, అది కాలనీ అంతా పాకింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంట్లో మాటలు జరిగాయి. మామ పీట మీద కూర్చుని సంగటి, ఊరిబిండి తింటున్నాడు. ఆయనతో పనిచేసే ఫిట్టరు శ్రీనివాసులు వచ్చాడు. యూనియను మనిషి, నోరున్నవాడు. నా మొగుడు సుకుమార్‌కు శ్రీసిటీ కంపెనీలో ఆ రోజు సెలవు. గోడకు ఆనుకుని ఫోను చూస్తున్నట్టు కూర్చున్నాడు గానీ చూడడంలేదు.

“జయరావన్నా, రిటైరయ్యేదానికి ఇంగ పది నెల్లుండాది నీకు. గమ్మునుండు,” అన్నాడు శ్రీనివాసులు. “కాలనీ పేరు మీద అర్జీ పెట్టండి. బోరెండిపొయ్యింది, మాకు నీళ్ళియ్యండని. లైను ఊసెత్తొద్దు.”

“బోరెండిపొయ్యిందంటే ఇంగో బోరేస్తామంటారు,” అన్నాడు మామ. “మూడు తూర్లు ఏసి సూసినాం గదప్పా. ఆ నేల్లో నీళ్ళు లేవు. లైనుండాదని సెప్తేనే జాబితాలోకి ఎక్కుతాది. ఎక్కకపోతే మూసేస్తారు.”

“సెప్తే, ఎవురేసినారంటారు.”

“అంటారు.”

“పైపులు యాడివంటారు.”

మామ సంగటి ముద్దను ఊరిబిండిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం అయినాక, “మున్సిపాలిటీవే,” అన్నాడు.

సస్పెండ్ చేస్తారు, పెన్షను ఆపుతారు, కేసు కూడా పెట్టొచ్చు. ఆ మాటలేవీ ఎవరూ పైకి అనలేదు. మా అత్త మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. సుకుమార్ లేచి “నాయనా, పది నెల్లు” అన్నాడు.

నాకు కాలనీ మీద ప్రేమ లేక కాదు. ఆ నీళ్ళతోనే నేనూ బట్టలుతికాను, పప్పు ఉడకేశాను. కానీ ముప్పై ఒక్క ఏళ్ళు తెల్లారుజామున నాలుగున్నరకు లేచి ఊరందరికీ వాల్వులు తిప్పిన మనిషి, ఇంకో పది నెలల్లో పూలదండ వేయించుకుని ఇంటికి రావలసిన మనిషి, దొంగ అనిపించుకుని వస్తాడన్న ఊహ నేను భరించలేకపోయాను. పుట్టుకతోనే నేను పిరికిదాన్ని. తుమ్మితే ఊడే ముక్కు ఉంటే ఎంత ఊడితే ఎంత అనుకునే రకం కాదు.

ఆ పది పదిహేను రోజులూ కాలనీవాళ్ళు ఏదో ఒక వంకన షాపుకు వచ్చేవాళ్ళు. రేషను కార్డు జిరాక్సు అని భారతమ్మ వచ్చి, కాపీ చేతికిచ్చినాక కూడా కదలక, “మీ మామ సెప్తాడా మే?” అని గుసగుసగా అడిగింది. నాకు తెలీదన్నాను. కర్ర పట్టుకుని వరదమ్మ వచ్చింది. ఆమెకు జిరాక్సు పని కూడా లేదు. బెంచీ మీద కూర్చుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని, “సెప్పొద్దని సెప్పు మే ఆయప్పకు. నా కాలు పొయ్యిందని ఆయప్ప కూడు గూడా పోగొట్టుకోవల్లనా?” అంది. ఆమె పోయినాక నేను షట్టరు సగం దించుకుని ఏడ్చాను.

*

ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం మామ షాపుకు వచ్చాడు. ఖాకీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది. నా ముందు ఇద్దరున్నారు. వాళ్ళ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, మజ్జిగ ఇస్తే తాగలేదు. వరస వచ్చినాకే లేచాడు.

“ఇంట్లో చెప్తే టైపు చేసుకొచ్చేదాన్ని కదా మామా.”

“ఇంట్లో మీ అత్త ఏడుస్తాది. నువ్వు కొట్టు.”

ఆయన చెప్పాడు, నేను కొట్టాను. ఆయన మాటలను అర్జీ భాషలోకి మార్చడం నా పని. బోరు ఎండిన సంవత్సరం, లైను పొడవు, పైపు సైజు, తూము నెంబరు, వాల్వు ఎక్కడుందో సిగ్నలు స్తంభం నుంచి ఎన్ని అడుగులో అన్నీ తడుముకోకుండా చెప్పాడు. పందొమ్మిదేళ్ళుగా నోట్లో ఆపుకున్నవి కదా. చివరికి వచ్చి కొంచెం ఆగాడు.

“ఈ లైను ఫిట్టరు జయరావు అనే నేను, పెద్దోళ్ళ పర్మిషను లేకండా, మార్కెట్టు పాత పైపుల్తో ఏసినాను. కాలనీ వాళ్ళకు ఇందులో తప్పు లేదు. అంతే. కొట్టు.”

నా వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి. కొట్టాను. కొట్టింది వేరే. “సదరు లైను పందొమ్మిది సంవత్సరములుగా వాడుకలో ఉన్నది కనుక దానిని జాబితాలో చేర్చవలసినదిగా కోరుచున్నాను” అని కొట్టి, కింద “బేతేలు కాలనీ వాసి” అని పెట్టి ప్రింటు ఇచ్చాను. ఫిట్టరు అన్న మాట కాగితంలో ఎక్కడా లేదు. కాలనీకి కావలసింది లైను. లైను గురించి ఉంది. ఎవరు వేశారన్నది ఎందుకు? ఆ క్షణంలో అది తెలివైన పనిలాగే తోచింది.

మామకు చదవడం రాక కాదు. వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతాడు. నేనున్నానని ఇంటికి వచ్చే కాగితాలన్నీ నా చేతే చదివించుకునేవాడు. కాగితం తీసుకుని, “సదువు” అన్నాడు.

చదివాను. బోరు, తూము, సిగ్నలు స్తంభం, అన్నీ ఉన్నవి ఉన్నట్టే చదివాను. చివర్లో ఆయన చెప్పిన వాక్యం, కాగితం మీద లేని వాక్యం, నా గొంతుతో పొల్లు పోకుండా చదివాను. కళ్ళు కాగితం మీదే ఉంచాను. చివర ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఇంత పిరికిదానికి ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

“బాగుండాది,” అన్నాడు. సంతకం పెట్టి, ఎదురుగా ఆఫీసులోకి పోయి, రసీదు జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయాడు.

*

విచారణ జూన్ మొదటివారంలో కౌన్సిల్ హాల్లో జరిగింది. విచారణ అధికారిగా తిరుపతి నుంచి ఒక మేడం వచ్చింది. పక్కన మున్సిపల్ ఇంజినీరు కూర్చున్నాడు. కొత్తగా వచ్చినవాడు, మామ కొడుకు వయసువాడు. అభ్యంతరాలు మూడువందల పైచిలుకు. మామ నెంబరు రెండువందల పన్నెండు. మా కాలనీవాళ్ళు పదిహేనుమంది వెనక వరసలో కూర్చున్నాం. నేను మామ పక్కన కూర్చోలేదు. రెండు కుర్చీలు వదిలి కూర్చున్నాను.

నెంబరు పిలిచారు. మేడం కాగితం ముందు తనలో తాను చూసి, ఇంజినీరు వైపు తిరిగింది. “ఇట్లాంటి లైను ఉందా?”

“లేదు మేడం. రికార్డులో లేదు. సర్వేలో వీళ్ళే బోరు నీళ్ళని సంతకాలు పెట్టినారు.” సంతకాల కాగితాలు కట్ట తీసి ఆమె ముందు పెట్టాడు. అందులో నాది కూడా ఉంది.

“ఇందులో పందొమ్మిదేళ్ళ నుంచి ఉందని రాశారు. అందరూ వినండి,” అని మేడం అర్జీ మొత్తం పైకి చదివింది. మంచి గొంతు. మైకు కూడా ఉంది. మామ తల కొద్దిగా పక్కకు వాల్చి విన్నాడు, చర్చిలో వాక్యం వినేటప్పుడు వింటాడే అట్లా. తూము నెంబరు వచ్చింది, స్తంభం వచ్చింది, అడుగులు వచ్చాయి. ఆ తర్వాత ఆయన వాక్యం రావాలి. మేడం “కోరుచున్నాను” అని ఆపేసింది.

మామ ఇంకా వింటున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఎంతోసేపు కాదు. రెప్ప రెండుసార్లు వేసేంత సేపు. కోపం ఉంటే తట్టుకునేదాన్ని. ఏదో లెక్క తప్పిందేమోనని సరిచూసుకుంటున్నట్టు చూశాడు.

“ఎవరు వేశారు, ఏ ఆర్డరు మీద వేశారు, ఏమీ లేదు,” అంది మేడం. “ఇట్లా అయితే ప్రతి వీధీ ఒక లైను ఉందంటుంది. ఆధారం లేదని తీసేయాల్సి వస్తుంది.” పెన్ను తీసింది.

మామ లేచాడు. “నేనేసినాను మేడం.”

“మీరెవరు?”

“ఫిట్టరు జయరావును. ఈ ఆఫీసే.”

ఇంజినీరు ముఖం మాడిపోయింది. “జయరావ్, కూర్చో,” అన్నాడు.

“ఇందులో ఆ సంగతి లేదే,” అంది మేడం.

“రాయించినాను మేడం. టైపులో పొయ్యుంటాది.” మళ్ళీ నా వైపు చూడలేదు. “సూపిస్తాను రండి. దగ్గిరే.”

మేడం వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. భోజనానికి లేచినప్పుడు కారులో కాదు, నడిచే వచ్చింది. పట్టాలకు పడమట కనకాంబరాల తోట గట్టు మీద, సిగ్నలు స్తంభం దగ్గర మామ నిలబడి, అర్జీలో చెప్పిన అడుగులు అందరికీ కొలిచి చూపించి, పార అందుకున్నాడు. జానెడు లోతున బండ తగిలింది. బండ కింద వాల్వు. ప్రతి పొద్దునా ఆయన మన్ను తీసి, తిప్పి, మళ్ళీ మన్ను కప్పేవాడని ఆఫీసువాళ్ళకు అప్పుడు తెలిసింది. ఒక గుమాస్తాను పట్టాల అవతలికి పంపారు. మామ వాల్వు తిప్పే ఇనప తాళం పెట్టి పదకొండు చుట్లు తిప్పాడు. కాసేపటికి ఇంజినీరు ఫోను మోగింది.

“వస్తా ఉండాయంట మేడం,” అన్నాడు. ఆయనకు కూడా ‘సార్’ గొంతు పోయి ఊరి గొంతు వచ్చేసింది.

మేడం ఎండలో నిలబడే ఫైలులో రాసుకుంది. రాస్తూ ఆగి, “సర్వీసు ఇంకా ఎంతుంది మీకు?” అని అడిగింది.

“తొమ్మిది నెల్లు మేడం.”

“నేను చూసింది, విన్నది రాయాలి. తెలుసు కదా.”

“తెలుసు మేడం. రాయండి. పైపులు మార్కెట్టువి. అది గూడా రాయండి.”

*

సస్పెన్షను మెమో ఎనిమిదో రోజు వచ్చింది. ఇంట్లో నేనే చదివి వినిపించాలి కదా అని చెయ్యి చాపాను. మామ సుకుమార్‌కిచ్చి చదవమన్నాడు. మెమోలోని తెలుగుకు అతని నోరు తిరగలేదు. అయినా అతని చేతే చివరిదాకా చదివించుకున్నాడు.

నేను చేసిన పని ఆ రోజే మా అత్తకు చెప్పేశాను. దాచుకోవడం నావల్ల కాలేదు. ఆమె చాటలో బియ్యం ఏరుతూ విని, “ఇంగో రెండు లైన్లు ఎగరగొట్టింటే పొయ్యేది, ఆయప్ప నోరు గూడా కట్టేసింటే ఇంగా బాగుండు” అంది. ఏడుస్తూనే అంది. ఆమె నా పక్షమే. అది నాకు ఓదార్పు కాలేదు.

మామ నన్ను ఏమీ అనలేదు. జూన్ పోయింది, జూలై పోయింది. సంగటి బాగుందనేవాడు. తోతాపురి మామిడికాయలకు రేటు రాలేదని, వాన రాలేదని, అన్నీ నాతో మాట్లాడేవాడు. ఆయన డ్యూటీ ఇప్పుడు లోకేష్ అనే కుర్రవాడికి పడింది. వాడు పొద్దున్నే ఫోను చేసి ఏ వాల్వుకు ఎన్ని చుట్లో అడిగితే, పక్క మీద కూర్చునే ఓపిగ్గా చెప్పేవాడు. తిట్టేస్తే అయిపోతుందని ఎదురుచూశాను. ఎప్పుడు గొంతు సవరించుకున్నా ఇప్పుడేనేమో అని చేతిలో గిన్నె కింద పెట్టి నిలబడేదాన్ని. క్షమించమని అడుగుదామని రెండుసార్లు ఆయన ముందుకు పోయి, టీ కావాలా అని అడిగి వచ్చాను.

చివరి గెజిట్ ఆగస్టులో ఒక శనివారం వచ్చింది. వెబ్‌సైటులో పెట్టీ పెట్టగానే దించి, మొదటి కాపీ తీసుకుని, షాపు మూసేసి ఇంటికి పరిగెత్తాను. వాకిట్లో మామ కుర్చీలో ఉన్నాడు. మా అత్త, వరదమ్మ, భారతమ్మ, ఇంకా నలుగురైదుగురు చేరారు. నిలబడే మూడో అనుబంధం తీసి చదివాను.

“బేతేలు కాలనీ, 140 ఇళ్ళు. నీటి వనరు: పడమటి ట్యాంకు నుండి నాలుగంగుళముల లైను. ఉభయ మున్సిపాలిటీలు కలిసి నిర్వహించవలెను. కొనసాగించవలెను.”

వరదమ్మ కర్ర ఎత్తి “దేవునికి స్తోత్రం” అని అరిచింది. భారతమ్మ ఏడ్చేసింది. మా అత్త నా భుజం పట్టుకుంది. నాకు ఆ మూడు నెలల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది.

“ఇంగేమన్నా రాసినారా? షరతులు గిరతులు?” అని అడిగాడు మామ.

“లేదు మామా. అంతే.”

“అంతేనా?”

“అంతే మామా.”

ఆయన చెయ్యి చాపాడు. “ఈడియ్యి.”

ఇచ్చాను. మా అత్తను అడిగి కళ్ళద్దాలు తెప్పించుకున్నాడు. మూడో అనుబంధానికి పోలేదు. మొదటి పేజీ మొదటి వరస మీద వేలు పెట్టాడు. “ఆంధ్ర... ప్రదేశ్... గెజిట్,” అని కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. మొత్తం తొమ్మిది పేజీలు. కాలనీవాళ్ళు సంతోషంలో అరుచుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. మా అత్త అన్నానికి పిలిచింది, మళ్ళీ పిలిచింది. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. కూర్చోమని ఆయన అనలేదు.

ఏడో పేజీలో ఆ వరస దగ్గరికి వేలు వచ్చింది. నెమ్మదిగా, ఒక్కో అక్షరం చదివి, తల ఊపాడు.

“ఉండాది,” అన్నాడు.

“ఉండాది మామా,” అన్నాను నేను.

ఆయన వేలు తడి చేసుకుని పేజీ తిప్పి, మిగిలిన రెండు పేజీలూ చదవసాగాడు.